పోస్ట్‌గ్రెస్‌కి కాపలా పెట్టబోయి: నా ప్రాజెక్టు డైరీ

అసలు ఎందుకు మొదలైందంటే

తెనాలిలో మా బావ వాళ్లకి మందుల హోల్‌సేల్ ఏజెన్సీ ఉంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నేనే రాసిచ్చాను. వెనకాల డేటా దాచే డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 15, అంతా కౌంటర్ కింద దుమ్ము కొట్టుకుపోయిన ఒక డెస్క్‌టాప్‌లో, మామూలు హార్డ్ డిస్క్ మీద నడుస్తుంది. మొన్న గాలివానకి రాత్రి కరెంటు పోయింది, యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిందన్న సంగతి ఆ రోజే బయటపడింది, అదీ సరిగ్గా కొత్త ధరల పట్టికలు ఎక్కించే రాత్రి పని నడుస్తున్న టైములో. పొద్దున షాపు తీసి మిషన్ ఆన్ చేశాక బావ ఫోన్ చేశాడు.

"ఏరా, బిల్లు కొట్టనివ్వట్లేదు, డేటాబేస్ స్టార్టింగ్ అప్ అని ఏదో అంటోంది, బయట ఆటోవాడు సరుకు కోసం నిలబడ్డాడు."

"రెండు నిమిషాలు ఆగు బావా" అన్నాను. నలభై నిమిషాలు పట్టింది.

తప్పు పోస్ట్‌గ్రెస్‌ది కాదు, నాది. ఎప్పుడో ఒక చిన్న స్క్రిప్టు రాసి, చెప్పిన టైముకల్లా పనులు నడిపే క్రాన్‌లో పెట్టాను: రెండు నిమిషాలకోసారి డేటాబేస్‌కి కనెక్ట్ అవ్వాలి, జవాబు రాకపోతే సర్వీసు రీస్టార్ట్ చెయ్యాలి. అంతే. కరెంటు పోయిన సర్వర్ లేచి తన రికవరీ (మధ్యలో ఆగిన డేటాని సరిచేసుకోవడం) తను చేసుకుంటుంటే, దానికి నాలుగు నిమిషాలు పైగా పడుతుంటే, ఈ మహానుభావుడు రెండో నిమిషంలో వచ్చి దాన్ని పడగొట్టి మళ్లీ మొదటినుంచి లేపుతున్నాడు. లాగ్ తీసి చూస్తే 'రీడూ స్టార్ట్స్ ఎట్ 2/47000028' అన్న లైను, అంటే రికవరీ ఫలానా చోటు నుంచి మొదలైందన్న మాట, పద్దెనిమిది సార్లు ఉంది. అదే నంబరు, ఒక్క అంకె తేడా లేదు. క్రాన్ ఆపేశాక నాలుగున్నర నిమిషాల్లో తనే లేచింది. ఆ పద్దెనిమిది లైన్లు చూశాక ఈ స్క్రిప్టు సరిగ్గా తిరగరాద్దామని కూర్చున్నాను. ఇది ఆ పని డైరీ.

మొదటి రోజు: చంపి చూడటం

విజయవాడలో మా ఇంట్లో ఒక పాత మినీ పీసీ ఉంది. దానికి షాపులో ఉన్నలాంటి హార్డ్ డిస్కే తగిలించి, బ్యాకప్ ఎక్కించి, అదే వెర్షన్ సోర్స్ నుంచి కంపైల్ చేసుకున్నాను. తర్వాత మెయిన్ ప్రాసెస్ పోస్ట్‌మాస్టర్‌ని కిల్ మైనస్ 9 (సర్దుకునే టైము ఇవ్వకుండా చంపే కమాండు) కొట్టాను. ఊపిరి ఆగిపోయాక సర్వర్ స్థితి చూపించే పీజీ కంట్రోల్‌డేటా నడిపిస్తే క్లస్టర్ స్టేట్ దగ్గర ఏం కనిపించిందో చూడండి: 'ఇన్ ప్రొడక్షన్'.

షాపు షట్టర్ మూసేసి ఓనరు ఊరెళ్లిపోయాడు, తలుపు మీద 'తెరిచి ఉంది' బోర్డు మాత్రం అలాగే వేలాడుతోంది, అదీ పరిస్థితి. డేటా డైరెక్టరీలో గ్లోబల్ అనే ఫోల్డర్ కింద పీజీ కంట్రోల్ అని ఒక చిన్న ఫైలు ఉంటుంది, అందులో సర్వర్ తన గురించి తాను చివరిసారి రాసుకున్న మాట ఉంటుంది, అంతకుమించి ఏమీ ఉండదు. ఫైలు సైజు 8192 బైట్లే అయినా, అసలు సరుకు 512 బైట్ల లోపే ఉండేలా చూసుకున్నారు, ఒక సెక్టార్‌ని డిస్క్ సగం రాసి వదిలేయదన్న నమ్మకంతో. స్టార్టింగ్ అప్, షట్ డౌన్, షట్టింగ్ డౌన్, రికవరీలో ఉండగా షట్ డౌన్, క్రాష్ రికవరీలో, ఆర్కైవ్ రికవరీలో, ఇన్ ప్రొడక్షన్ అని మొత్తం ఏడు స్థితులు. సర్వర్ లేచేటప్పుడు ఈ బోర్డు చదువుతుంది. 'షట్ డౌన్' అని ఉంటే పద్ధతిగా మూశారన్నమాట, నేరుగా తలుపు తీస్తుంది. 'ఇన్ ప్రొడక్షన్' అని ఉంటే, తను ఇప్పుడే లేస్తోంది కదా, ప్రొడక్షన్‌లో ఎలా ఉంటుంది? అంటే పోయిన జన్మలో చావు మామూలుగా రాలేదు, రికవరీ చెయ్యాలి. ఆ తర్క‌మంతా ఇంతే, చాలా అందంగా అనిపించింది నాకు.

రికవరీ అంటే ఏమిటో బావకి చెప్పినట్టే ఇక్కడా చెబుతాను, ఎందుకంటే ఆయనకి నాకంటే ముందే అర్థమైంది. చిట్టా, ఆవర్జా తెలుసు కదా. రోజంతా జరిగింది జరిగినట్టు చిట్టాలో రాసుకుంటూ పోతారు, తీరిక దొరికాక ఆవర్జాలో ఎవరి ఖాతాకి వాళ్ల పద్దు ఎక్కిస్తారు. మార్పులన్నీ ముందుగా రాసుకునే వాల్ లాగ్ (రైట్ అహెడ్ లాగ్) చిట్టా, టేబుళ్ల ఫైళ్లు ఆవర్జా. బిల్లు కమిట్ అయిందని (ఖాయంగా సేవ్ అయిందని) చెప్పే ముందు చిట్టా డిస్క్ మీదికి చేరితే చాలు, ఆవర్జా తర్వాతైనా ఫరవాలేదు. చెక్‌పాయింట్ అంటే 'ఇక్కడిదాకా ఆవర్జాలోకి ఎక్కించేశాం' అని చిట్టాలో గీత గీయడం. మధ్యలో కరెంటు పోతే ఆ గీత దగ్గర్నుంచి చిట్టా మళ్లీ చదువుకుంటూ ఆవర్జా సరిచేసుకోవడమే రీడూ.

ఒక్క మెలిక ఉంది. చెక్‌పాయింట్ ఒక క్షణంలో అయిపోయే పని కాదు. మొదలైనప్పుడు 'గీత ఇక్కడ' అని చోటు గుర్తుపెట్టుకుంటుంది, తర్వాత నిమిషాల తరబడి పేజీలు (డేటా ముక్కలు) డిస్క్‌కి రాస్తుంది, అంతా అయ్యాకే చెక్‌పాయింట్ రికార్డు వాల్‌లో రాసి, పీజీ కంట్రోల్‌లో మారుస్తుంది. అందుకే కంట్రోల్‌డేటాలో చెక్‌పాయింట్ చోటు ఒకటి, రీడూ చోటు ఇంకొకటి కనిపిస్తాయి, రికవరీ రెండోదాని నుంచి మొదలవుతుంది. పద్ధతిగా మూసినప్పుడు మాత్రం రెండూ ఒకటే. నా పద్దెనిమిది లైన్ల రహస్యం కూడా ఇదే: క్రాష్ రికవరీ మధ్యలో దాన్ని పడగొడితే అప్పటిదాకా చేసిన రీడూకి కొత్త గీత ఎక్కడా పడదు, కాబట్టి మళ్లీ పాత గీత దగ్గర్నుంచే.

రెండో రోజు

సగం రాసిన బిల్లులు ఏమవుతాయని చూశాను. ఒక ట్రాన్సాక్షన్ (అయితే మొత్తం, లేకపోతే ఏమీ కానట్టు ఉండే పని) తెరిచి పది లైన్లు వేసి కమిట్ చెయ్యకుండా కిల్ కొట్టాను. లేచాక ఆ పది లైన్లు కనిపించవు, అది అందరికీ తెలిసిందే. తెలియనిది ఏమిటంటే పోస్ట్‌గ్రెస్ వాటిని వెనక్కి తీసే పనేమీ చెయ్యదు. 1992లో ఐబీఎమ్ వాళ్లు ప్రచురించిన ఏరీస్ పద్ధతిలో రీడూ అయ్యాక అన్‌డూ అని ఇంకో దశ ఉంటుంది, ఇక్కడ అది లేనేలేదు. ఆ వరసలు పేజీల్లో శవాల్లా అలాగే పడి ఉంటాయి, వాటిని రాసిన ట్రాన్సాక్షన్ కమిట్ అయినట్టు ఎక్కడా గుర్తు లేదు కాబట్టి ఎవరికీ కనబడవు, ఎప్పుడో వాక్యూమ్ వచ్చి ఊడ్చేస్తుంది.

పోస్ట్‌మాస్టర్‌ని కాకుండా మామూలు కనెక్షన్ ప్రాసెస్ ఒక్కదాన్ని కిల్ మైనస్ 9 కొట్టినా మొత్తం అందరి కనెక్షన్లూ తెగి రికవరీ నడిచింది. మెమరీ అందరిదీ కాబట్టి, చచ్చినవాడు అందులో ఏం కెలికి పోయాడో నమ్మలేం కాబట్టి.

మూడో రోజు: 27 బిల్లులు ఎవడు మింగాడు

ల్యాబ్ పక్కన పెట్టి ఈ రోజంతా దీనికే పోయింది. బావ మళ్లీ ఫోన్.

"కరెంటు పోయిన రోజు చివరి బిల్లు 1041. తెల్లారి మొదటి బిల్లు 1069. మధ్యలో 27 బిల్లులు ఏవిరా?"

"డేటా ఏం పోలేదు బావా."

"డేటా కాదు, ఆడిటర్‌కి ఏం చెప్పమంటావు?"

నిజమే, జీఎస్టీ నియమాల్లో 46వ రూలు ప్రకారం ఇన్‌వాయిస్ నంబర్లు వరుసగా ఉండాలి. నేను బిల్లు నంబరుకి పోస్ట్‌గ్రెస్ సీక్వెన్స్ (అడిగినప్పుడల్లా తర్వాతి నంబరు ఇచ్చేది) వాడాను. సీక్వెన్స్ ప్రతి నంబరుకీ చిట్టాలో లైను రాయదు, 32 నంబర్లు ముందుకి రాసిపెట్టేసుకుంటుంది, రాసే ఖర్చు తగ్గాలని. సీక్వెన్స్‌ని సెలెక్ట్ చేసి చూస్తే లాగ్ కౌంట్ అని ఒక నిలువు వరస కనిపిస్తుంది, ముందే రాసిపెట్టినవాటిలో ఇంకా ఎన్ని వాడుకోవచ్చో అందులో ఉంటుంది. కరెంటు పోయేటప్పటికి మనది 1041 దగ్గర ఉంది, చేతిలో ఇంకా 27 ఉన్నాయి. చిట్టాలో మాత్రం 1068 అని ఉంది. లేచాక చిట్టానే నమ్ముతుంది కాబట్టి తర్వాతది 1069. ల్యాబులో అచ్చంగా అలాగే చేసి చూశాను: కొత్త సీక్వెన్స్, ఒక్క నంబరు తీశాను, 1 వచ్చింది, కిల్ కొట్టాను, లేపాను, తర్వాతది 34.

ఇది బగ్ కాదు, సీక్వెన్స్ ఎప్పుడూ 'వరుసగా ఇస్తాను' అని మాటివ్వలేదు, 'ఇచ్చింది మళ్లీ ఇవ్వను' అని మాత్రమే ఇచ్చింది. క్రాష్ లేకపోయినా ట్రాన్సాక్షన్ రద్దయి రోల్‌బ్యాక్ అయిన ప్రతిసారీ ఒక నంబరు పోతుంది, ఇన్నాళ్లూ అదృష్టం. ఇప్పుడు బిల్లు నంబరుకి ఒక్క వరస ఉన్న చిన్న టేబుల్ పెట్టాను, బిల్లు సేవ్ అయ్యే అదే ట్రాన్సాక్షన్‌లో దాన్ని ఒకటి పెంచి ఆ నంబరు వాడుకోవడం. ఒకరు సేవ్ చేస్తుంటే ఇంకొకరు ఆగాలి, కానీ షాపులో ఉన్నవి మూడు కౌంటర్లు, ఆ ఆలస్యం ఎవరికీ తెలియదు. సీక్వెన్స్ ఎందుకు వాడానంటే చేతికి అలవాటై. అంతకుమించి కారణం లేదు.

నాలుగో రోజు: చెక్‌పాయింట్లు

నాలుగున్నర నిమిషాలు ఎందుకు పట్టిందన్నది అసలు ప్రశ్న. జవాబు మళ్లీ నేనే. రాత్రి ధరలు ఎక్కించేటప్పుడు లాగ్‌లో 'చెక్‌పాయింట్లు మరీ దగ్గర దగ్గరగా వస్తున్నాయి, 11 సెకన్లకోసారి' అని హెచ్చరిక వస్తుండేది, మాక్స్ వాల్ సైజ్ (చిట్టా ఎంత పెరగొచ్చన్న హద్దు) పెంచమని సలహా కూడా పక్కనే. చిరాకేసి 1 జీబీ ఉన్నదాన్ని ఒకేసారి 16 జీబీ చేశాను, చెక్‌పాయింట్ టైమౌట్ (ఎంతసేపటికోసారి గీత గీయాలన్నది) 5 నిమిషాల నుంచి 30కి లాగాను. హెచ్చరికలు పోయాయి, రాత్రి పని కూడా వేగం పెరిగింది. ఆ అప్పు తీర్చాల్సింది క్రాష్ రోజున అని అప్పుడు తట్టలేదు.

లెక్క ఇలా ఉంది. 16 జీబీ అన్నామని 16 దాకా ఆగదు, కంప్లీషన్ టార్గెట్ (రెండు చెక్‌పాయింట్ల మధ్య టైములో ఎంత భాగం పరుచుకుని రాయాలన్నది) 0.9 ఉంటే 16ని 1.9తో భాగించి, సుమారు 8.4 జీబీ వాల్ పోగయ్యాక కొత్త చెక్‌పాయింట్ మొదలుపెడుతుంది. ఆ రాత్రి సరిగ్గా అదే జరిగింది: 8.4 దాటింది, చెక్‌పాయింట్ మొదలైంది, పూర్తయ్యేలోపు కరెంటు పోయింది. కాబట్టి గీత పాతదే, చదవాల్సిన చిట్టా 9 జీబీ.

అలాగని 1 జీబీకి తిరిగి వెళ్లిపోదామా అంటే అదీ దండగే. ఒక చెక్‌పాయింట్ తర్వాత ఏ పేజీని మొదటిసారి ముట్టుకున్నా, మారింది నాలుగు బైట్లే అయినా, 8 కేబీ పేజీ మొత్తం వాల్‌లోకి వెళుతుంది. పేజీ సగం రాసి కరెంటు పోతే దాన్ని బాగుచెయ్యడానికి పూర్తి కాపీ కావాలి, అందుకని. చెక్‌పాయింట్లు ఎంత తరచుగా ఉంటే ఈ పూర్తి పేజీలు అన్ని ఎక్కువ, వాల్ ఉబ్బుతుంది, ఉబ్బేకొద్దీ చెక్‌పాయింట్లు ఇంకా త్వరగా వస్తాయి. కుక్క తన తోకని తరుముకున్నట్టు. ఈ పూర్తి పేజీలు రాయించే ఫుల్ పేజ్ రైట్స్ ఆపేస్తే సరిపోతుందని సలహా ఇచ్చేవాళ్లుంటారు, మామూలు డిస్క్ మీద ఆ పని మాత్రం చెయ్యకండి.

రెండు మూడు అంకెలు మార్చి మార్చి చూసి 4 జీబీ, 10 నిమిషాల దగ్గర ఆగాను. లాగ్‌లో ఇప్పుడు ఒక మామూలు మధ్యాహ్నం చెక్‌పాయింట్ లైను: 41210 బఫర్లు (మెమరీలోని పేజీలు) రాసింది (31.4%), రాయడానికి 539.8 సెకన్లు. పది నిమిషాల్లో తొంభై శాతం అంటే 540 సెకన్లు, చూశారా, తొందరపడకుండా ఆ టైమంతా పరుచుకుని రాస్తోంది. రాత్రి పని మధ్యలో చంపితే లేవడానికి నా డిస్క్ మీద ఎంత దారుణంగా చూసినా నిమిషంన్నర. బావకి అడిగాను, నిమిషంన్నర ఆగగలవా అని. "టీ తాగేలోపే కదా" అన్నాడు.

ఐదో రోజు, కాస్త సిగ్గుతో

ల్యాబ్ మిషన్‌కి సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులని లేపి ఆపేది) యూనిట్ ఫైలు కొత్తగా రాసుకున్నాను, టైప్ నోటిఫై పెట్టి. షాపులో టైప్ సింపుల్ ఉంది. కావాలని పాత 16 జీబీ సెట్టింగుతో పెద్ద రికవరీ పెట్టి లేపాను, నా పాత స్క్రిప్టు కూడా తీసేశాను. అయినా 'రీడూ స్టార్ట్స్ ఎట్' అదే నంబరుతో మళ్లీ మళ్లీ! ఎవడు పడగొడుతున్నాడు? గంట తర్వాత తెలిసింది, సిస్టమ్‌డీ. నోటిఫై అంటే 'సిద్ధం' అన్న కబురు సర్వర్ నుంచి వచ్చేదాకా ఎదురుచూస్తుంది, మామూలుగా 90 సెకన్లు. కబురు రాలేదు కాబట్టి ఆపేసి, ఫెయిలయితే రీస్టార్ట్ చెయ్యమని నేనే రాశాను కాబట్టి మళ్లీ లేపుతోంది. టైమౌట్‌ని ఇన్ఫినిటీ చెయ్యమని పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంట్ల ఉదాహరణలోనే ఉంది. చూసి రాసుకుంటూ ఆ లైను వదిలేశాను. షాపులో ఏ కబురు కోసమూ ఆగని టైప్ సింపుల్ ఉండబట్టి ఆ రోజు బతికిపోయాం, లేకపోతే రెండు దెయ్యాలు కలిసి ఆడుకునేవి.

అదే ఊపులో రికవరీ మధ్యలో కిల్ మైనస్ 9 కూడా కొట్టి చూశాను. ఈసారి లాగ్‌లో వచ్చిన మాట చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది: రికవరీలో ఉండగా ఆగిపోయింది, బహుశా డేటా కొంత పాడై ఉండొచ్చు, చివరి బ్యాకప్ వాడాల్సి రావచ్చు అని. నిజానికి ఏమీ పాడవలేదు. పీజీ కంట్రోల్‌లో 'ఇన్ క్రాష్ రికవరీ' అని ఉండగా లేస్తే ఆ మాట వస్తుంది, రికవరీ తనంతట తను కుప్పకూలిందో, మనం చంపామో దానికి తెలియదు కదా. కదిలించకుండా వదిలేస్తే లేచింది. ఈ మెసేజ్ చూసి టెన్షన్‌లో పీజీ రీసెట్‌వాల్ కొట్టేవాళ్లని తలుచుకుంటే భయమేసింది, చిట్టాని చింపేసి ఆవర్జా కరెక్టే అనుకోవడం అది.

ఆరో రోజు: కొత్త కాపలా

స్క్రిప్టు ఇప్పుడు అడిగేది 'జవాబు వచ్చిందా' అని కాదు, 'ఏ స్థితిలో ఉన్నావు' అని. సర్వర్ సిద్ధమేనా అని అడిగే పీజీ ఈజ్‌రెడీ కోడ్ 0 ఇస్తే బాగుంది, 1 ఇస్తే సర్వర్ బతికే ఉంది కానీ ఇప్పుడు రానివ్వనంటోంది, 2 ఇస్తే అసలు జవాబే లేదు. 1 వస్తే చెయ్యి పెట్టకూడదు. పాత స్క్రిప్టుకి 1కీ 2కీ తేడా తెలియకపోవడమే అసలు రోగం.

2 వచ్చినప్పుడు పోస్ట్‌మాస్టర్ పిడ్ ఫైలు చూస్తున్నాను. మొదటి లైనులో ప్రాసెస్ నంబరు, ఎనిమిదో లైనులో స్థితి: స్టార్టింగ్, స్టాపింగ్, రెడీ, స్టాండ్‌బై. ఇక్కడ అరపూట తిన్న సంగతి ఒకటి. సర్వర్ చక్కగా నడుస్తున్నా నా స్క్రిప్టు 'రెడీ కాదు' అంటోంది. ఆ లైనుని బైటు బైటుగా తీసి చూస్తే రెడీ అన్న మాట వెనకాల మూడు ఖాళీలున్నాయి. ఆ మాటలన్నీ ఎనిమిదేసి అక్షరాలు ఉండేలా ఖాళీలతో నింపుతారట, ఫైల్లో అక్కడికక్కడ తిరగరాసుకోవడానికి వీలుగా. ఖాళీలు కత్తిరించాను, కుదిరింది. ఆ ఫైలు కూడా కరెంటు పోయాక పాత మాటే చెబుతుంది కాబట్టి ప్రాసెస్ నిజంగా ఉందో లేదో విడిగా చూడాలి. అన్నట్టు ఆ ఫైలుని చేత్తో తీసేసే అలవాటు ఎవరికైనా ఉంటే మానుకోండి.

రికవరీ కదులుతోందా, ఇరుక్కుపోయిందా? స్టార్టప్ ప్రాసెస్ పేరు పక్కనే ఇప్పుడు ఏ వాల్ ఫైలు చదువుతోందో కనిపిస్తుంది, 24 అక్షరాల పేరు, ఒక్కో ఫైలు 16 ఎంబీ. అరనిమిషానికోసారి ఆ పేరు చూసి మారుతుంటే ఊరుకుంటాను. రెండో పరీక్షలోనే ఇదీ తప్పింది: రీడూ అయిపోయింది, పేరు మారడం ఆగింది, నా స్క్రిప్టు 'ఇరుక్కుంది' అని మెసేజ్ పంపింది. లాగ్ చూస్తే రికవరీ ముగింపు చెక్‌పాయింట్ నడుస్తోంది, మెమరీలో మారిన పేజీలన్నీ డిస్క్‌కి దించి కొత్త గీత గీస్తోందన్నమాట, ఈ డిస్క్ మీద దానికి దాదాపు నిమిషం. కాబట్టి తేల్చేశాను: స్క్రిప్టు రీస్టార్ట్ చేసేది ప్రాసెస్ అసలు లేనప్పుడు మాత్రమే, మిగతా అన్ని సందర్భాల్లో నాకు మెసేజ్ పెట్టి నోరు మూసుకుని కూర్చోవాలి. రాసిన 140 లైన్లలో 90 తీసేశాను.

ఏడో రోజు: ప్లగ్గు పీకడం

కిల్ మైనస్ 9 నిజమైన పరీక్ష కాదు. ప్రాసెస్ చచ్చినా ఆపరేటింగ్ సిస్టమ్ బతికే ఉంటుంది, దాని మెమరీలో ఉన్నవి నింపాదిగా డిస్క్‌కి వెళ్లిపోతాయి. కరెంటు పోతే అదీ ఉండదు. ముందు పీజీ టెస్ట్ ఎఫ్‌సింక్ నడిపాను, రాసింది నిజంగా డిస్క్‌కి చేర్చమనే ఎఫ్‌సింక్ వేగం కొలిచేది అది. 7200 ఆర్‌పీఎం డిస్క్ సెకనుకి 120 సార్లు తిరుగుతుంది, కాబట్టి సెకనుకి వేలల్లో ఎఫ్‌సింక్‌లు చేశానంటే అది అబద్ధమాడుతోందని అర్థం. నాది వందకి కాస్త తక్కువ చూపించింది, నెమ్మదైనా నిజాయితీ ఉంది.

ల్యాప్‌టాప్ నుంచి నెట్‌వర్క్ మీద బిల్లులు కొడుతూ, కమిట్ అయిందని జవాబు వచ్చిన ప్రతి నంబరునీ ల్యాప్‌టాప్‌లోనే ఫైల్లో రాసుకుంటూ, మధ్యలో మినీ పీసీ ప్లగ్గు పీకడం. ఇరవై సార్లు. "ఫ్రిజ్ ప్లగ్గు జోలికి మాత్రం రాకు" అంది అమ్మ. ఇరవై సార్లూ ల్యాప్‌టాప్ ఫైల్లో ఉన్న ప్రతి నంబరూ డేటాబేస్‌లో ఉంది. తర్వాత చిట్టా డిస్క్‌కి చేరేదాకా ఆగే సింక్రొనస్ కమిట్ ఆపి ఒక్కసారి పీకాను, చివరి కొన్ని బిల్లులు గల్లంతు. వాల్ రైటర్ డిలే (చిట్టాని డిస్క్‌కి దించే మధ్య విరామం) 200 మిల్లీసెకన్లు, దానికి మూడింతలు, అంటే 600 మిల్లీసెకన్ల దాకా పోవచ్చని ముందే చెప్పారు, చెప్పినట్టే పోయాయి. డేటా చెడిపోదు, తాజా బిల్లులు పోతాయంతే, కానీ బావకి ఆ తేడా వివరించే ఓపిక నాకు లేదు, ఆన్‌లోనే ఉంచాను.

ఒకటి మాత్రం ఇరవై సార్లూ పోయింది: 'హోల్డ్'లో పెట్టిన బిల్లులు. వేగంగా ఉంటుందని వాటిని అన్‌లాగ్డ్ టేబుల్‌లో పెట్టాను, అవి చిట్టాలోకి ఎక్కవు కాబట్టి క్రాష్ తర్వాత ఆ టేబుల్ మొత్తం ఖాళీ చేసేస్తుంది. ఆ గాలివాన రాత్రి కూడా పోయే ఉంటాయి, ఎవరూ అడగలేదు. మామూలు టేబుల్‌గా మార్చేశాను.

ఇప్పుడు ఎక్కడిదాకా వచ్చింది

కొత్త స్క్రిప్టు, యూనిట్ ఫైలు, 4 జీబీ సెట్టింగు మూడూ ఆదివారం షాపు మూసి ఉండగా పెట్టి వచ్చాను. యూపీఎస్‌కి కొత్త బ్యాటరీ వేయించాం. కరెంటు పోగానే యూపీఎస్ నుంచి కబురు తీసుకుని సర్వర్‌ని పద్ధతిగా మూయించాలని ఉంది, అప్పుడు బోర్డు మీద 'షట్ డౌన్' అనే ఉంటుంది, రికవరీ గొడవే రాదు. దానికి యూపీఎస్ నుంచి మిషన్‌కి యూఎస్‌బీ కేబుల్ కావాలి. డబ్బాలో లేదు. కొన్నప్పుడు ఉండేదని బావ, లేదని గుమస్తా, ఇద్దరూ ఇంకా వాదించుకుంటున్నారు.